లోహగర్భమును చూచిన హెన్రీ క్లిఫ్టన్ సార్బీ

పండుగ దినములలో మన యిండ్లయందు జంతికలు చేయుట చూడని బాలబాలిక లుండరు. పిండిముద్దను గొట్టములో నుంచి పైనుండి గట్టిగా నొత్తినచో, అడుగు బిళ్లలోని కన్నము లే యాకారమున నున్నవో ఆ యాకారముననే పిండి పొడవుగా దిగివచ్చును. నేడు కిటికీ చట్రములకును, నిచ్చెనలకును, విమానముల అంగములకును వాడబడు అల్యూమినియపు కమ్ములు పెక్కులు ఈ విధముననే పుట్టుచున్నవి. లోహపు దిమ్మెను 400 మొదలు 500 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడిచేసి, కరగనీయక మెత్తబఱచి, బలమైన యంత్రముతో ఉక్కు అచ్చుగుండ నొత్తుదురు. అయితే జంతికకును ఈ కమ్మికిని ఒక భేదము గలదు. పిండి గొట్టములో నెట్లుండెనో బయటికి వచ్చిన పిమ్మటను అట్లే యుండును. అచ్చు దాటివచ్చిన లోహమునకు మాత్రము బలము వేఱు, గుణము వేఱు. పొడవున లాగిన నొక బలము, అడ్డముగా లాగిన మఱియొక బలము. అందు కలిపిన వస్తువులు మాఱలేదు, తూకము మాఱలేదు. మఱి మాఱిన దేమి?

లోహము లోపలికి చూచినగాని ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. అట్లు చూచుటకు దారి తీసినవాడు ఇంగ్లండు దేశమున షెఫీల్డు నగరమువాడగు హెన్రీ క్లిఫ్టన్ సార్బీ. రాళ్లను పరీక్షించువారును, లోహములను పరీక్షించువారును, ఇరుతెగలవారును ఈయననే తమ శాస్త్రమునకు మూలపురుషునిగా చెప్పుకొందురు. రాళ్లను చదివినవాడు లోహములను చదువుట కెట్లు వచ్చెనో తెలిసికొన్నచో మన ప్రశ్నకు జవాబును దానివెంటనే వచ్చును.

మొదట ఒక్క సంగతి. క్రొత్తగా జింకుపూత పూసిన ఇనుప బొక్కెనను వెలుతురులో త్రిప్పి చూచిన, దానిమీద పూలు పఱచినట్లు తళతళలాడు మచ్చలు కనబడును. ఒక్కొక్క మచ్చ యొక్కొక్క జింకు స్ఫటికము. లోహములన్నియు ఇట్టి స్ఫటికములు ఒకదానినొకటి ఒరసికొని కూడుటచేతనే యేర్పడినవి. చక్కెర పలుకు, ఉప్పు పలుకు అనునట్లు వీనిని లోహపు పలుకులు అందము. బొక్కెనమీద పలుకులు పెద్దవి గనుక కంటికి కనబడుచున్నవి. తక్కిన లోహములలో అవి మిక్కిలి చిన్నవి. పైగా కత్తిమీదనో గొలుసుమీదనో మెఱుగు పెట్టగానే వాని గుర్తులన్నియు మాసిపోవును. అందుచేత వేలయేండ్లు లోహములను కాచి, కొట్టి, పోతపోసిన మనుష్యులు తమ చేతిలోని వస్తువు లోపల నెట్లున్నదో ఎఱుగకయే యుండిరి.

సార్బీ 1826 వ సంవత్సరము మే నెల 10 వ తేదీన షెఫీల్డు చెంత వుడ్‌బర్న్ అను చోట జన్మించెను. తలిదండ్రుల కాయన యొక్కడే కుమారుడు. షెఫీల్డు కత్తులకును పనిముట్లకును పేరుమోసిన యూరు. సార్బీ వంశమువారు తరతరములుగా ఆ వ్యాపారము చేసినవారే. 1624 లో అక్కడి కత్తిపనివారి సంఘ మేర్పడినప్పుడు దానికి మొదటి పెద్దగా నుండినవాడు ఈ వంశపు పూర్వికుడని చెప్పుదురు. బాలుడు ఊరి పాఠశాలలో చదువుచు బహుమానముగా విజ్ఞానశాస్త్ర గ్రంథ మొకటి పొందెను. బహుమానపు పుస్తకములు మన యిండ్లలో తఱచు అలమారు దాటి రావు. ఈ పుస్తక మట్లు కాక, పిల్లవాని మనస్సును పూర్తిగా త్రిప్పివేసెను. తరువాత వాల్టర్ మిచెల్ అను గురువు ఇంటికి వచ్చి గణితము చెప్పెను. సార్బీ ఏ విశ్వవిద్యాలయమునకును పోలేదు. ఏ పట్టపు పరీక్షకును కూర్చుండలేదు.

1847 లో తండ్రి చనిపోయెను. కుమారునికి ఇరువదియొక్క సంవత్సరములు. కర్మాగారపు వ్యాపారమును చేపట్టి ఆస్తిని పెంచుటా, ఉన్నదానితో తృప్తిపడి జీవితమంతయు పరిశోధనమునకే యిచ్చుటా అను ప్రశ్న ఆయన యెదుట నిలిచెను. సార్బీ రెండవ దారి నెంచుకొనెను. ఇంటిలోనే పనిగది యొకటి యేర్పఱచుకొని, తల్లితో కలిసి జీవించుచు, వివాహము చేసికొనక, ఎవరి జీతమును పుచ్చుకొనక పనిచేయసాగెను. దీనిని గొప్పగా చెప్పుకొనువారు ఒక మాట మఱచెదరు. తండ్రి కూడబెట్టిన ఆస్తియే లేనిచో ఈ యువకుడును ఏ దుకాణములోనో లెక్కలు వ్రాయుచు నుండవలసినవాడే. తీరిక యను భాగ్యము ఆయనకు పుట్టుకతో వచ్చినది. దానిని వృథాచేయకుండుట మాత్రము ఆయన స్వంతము.

ఆ కాలముననే మాంచెస్టరువాడగు విలియంసన్ అను ప్రకృతిశాస్త్రజ్ఞునితో ఆయనకు పరిచయము కలిగెను. విలియంసన్ శిలారూపము పొందిన కొయ్యను, ఎముకలను, పండ్లను పలుచని రేకులుగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూచుచుండెను. ఎముకను చూడదగినప్పుడు రాతిని ఏల చూడరాదని సార్బీకి తోచెను. రాతిముక్కను ఒకవైపు కురువిందపు పొడితో నునుపుచేసి, చెట్టుబంకతో గాజుపలకకు అంటించి, రెండవవైపు అంగుళములో వేయవవంతు మందము మిగులువఱకు అరగదీసెను. అంత పలుచనైనప్పుడు నల్లని రాయియు గాజువలె వెలుతురును దాటనిచ్చును. 1851 లో ఈ విధమున చూచిన రాతిని గూర్చి తన వ్యాసమును ప్రకటించెను. పర్వతములను సూక్ష్మదర్శినితో కొలువబోయిన వీడెవడని పెద్దలు నవ్విరి. వారి నవ్వునకు కారణము లేకపోలేదు. భూగర్భశాస్త్రమన్న నాడు కొండలెక్కుట, లోయలు దిగుట, సుత్తెతో కొట్టుట. గదిలో కూర్చుండి అరగదీయు పనిని వారు శాస్త్రముగా నెంచలేదు.

ఆ నవ్వుల నడుమ ఆయన విప్పిన చిక్కు ఒకటి మన విద్యార్థులకు మిక్కిలి దగ్గఱిది. మీ తాతలును తండ్రులును అక్షరములు దిద్దిన రాతిపలకను చూచియుందురు. మన మార్కాపురపు గనులలో దొరకునది అట్టి రాయియే. ఆ రాయి ఉలి పెట్టి కొట్టగానే చక్కగా పొరలు పొరలుగా చీలును. బురద నీటి అడుగున పొరలుగా పేరుకొన్నది గనుక ఆ పొరలవెంట చీలునని మనకు తోచవచ్చును. కాని గనులలో చూచిన, రాయి చీలు దిక్కు బురదపొరల దిక్కునకు తఱచు అడ్డముగా నుండును. ఇది ఎట్లు? సార్బీ పలకరాతిని అరగదీసి చూచి, దానిలోని సూక్ష్మమైన రేకులన్నియు ఒకే వైపునకు తిరిగి పండుకొనియుండుట కనుగొనెను. వెంటనే మెత్తని తెల్లమట్టిలో ఇనుపకావి రేకులను కలిపి, ఒక వైపునుండి గట్టిగా నొత్తి, కోసి చూచెను. అటునిటు చెదరియున్న రేకులన్నియు ఒత్తిడికి అడ్డముగా తిరిగి వరుసలు తీరియుండెను. కొండలు పుట్టునప్పుడు కలిగిన బ్రహ్మాండమైన ఒత్తిడియే రాతికి చీలిక నిచ్చెనని 1853 లో ఆయన ప్రకటించెను.

ఈ ప్రయోగమును మీరును చేయవచ్చును. నేను తరగతిలో బంకమట్టియందు అభ్రకపు పొడిని కలిపించి, రెండు చెక్కల నడుమ నొత్తించి, దారముతో కోయించితిని. మొదటిసారి మట్టి నీరెక్కువై చెక్కల ప్రక్కనుండి జారిపోయి అందఱ బట్టలును పాడైనవి. రెండవసారి గట్టిమట్టి పెట్టగా, కోసిన ముఖమున అభ్రకపు రేకులు వరుసగా తళుక్కుమనినవి. వస్తువు మాఱకయే ఒత్తిడిచేత దాని లోపలి అమరిక మాఱవచ్చునను ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. సార్బీ దానిని ముప్పది సంవత్సరముల తరువాత లోహములో మరల కనుగొనును.

1857 లో, ముప్పదియొక్కయేండ్ల వయస్సున, ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1860 దశకపు తొలినాళ్లలో జర్మనీలో త్సిర్కెల్ అను యువకునికి తన పలుచని రేకులను చూపగా, అతడు ఆ విద్యను తన దేశమున వ్యాపింపజేసెను. స్వదేశము నవ్విన పని పరదేశమున ఒక శాస్త్రమై వెలసెను.

రాళ్లనుండి ఇనుమునకు ఆయనను తీసికొనివచ్చినవి ఉల్కలు. ఆకాశమునుండి రాలిన రాళ్లను పరీక్షించుచు, వానిలో ఇనుపముద్దలు గూడ నుండుటచేత వానిని చూడవలసి వచ్చెను. ఇనుమును ఎంత అరగదీసినను వెలుతురు దాటదు. కావున పైనుండి వెలుతురు పడునట్లు చేసి, తిరిగివచ్చిన వెలుతురుతో చూడవలెను. ఇంతకంటె కష్టమైనది ముఖమును సిద్ధపఱచుట. ఆకురాయితోనో ఒరపిడిచక్రముతోనో తొందరగా మెఱుగుపెట్టినచో పైపొర నలిగిపోయి లోపలి పలుకులను కప్పివేయును. అప్పుడు చూచువానికి తన ఒరపిడియే కనబడునుగాని ఇనుము కనబడదు. సార్బీ ఇనుపముక్కను మొదట ముతుక పొడితో, పిదప సన్నపు పొడితో, కడపట ఎఱ్ఱని ఇనుపకావితో తడిగా రుద్ది అద్దమువలె చేసి, మిక్కిలి పలుచని నత్రికామ్లములో ముంచెను. ఆమ్లము పలుకుల అంచులను కొంచెము తినివేయును; ఒక్కొక్క పలుకును ఒక్కొక్క రీతిగా తాకును. అప్పుడు, 1863 లో, షెఫీల్డునగర మంతయు తరతరములుగా కొట్టుచు అమ్ముచు వచ్చిన ఆ లోహము మొదటిసారి తన లోపలిని చూపెను. ఇనుము ఒక్క ముద్ద కాదు. వేర్వేఱు పదార్థములు, వేర్వేఱు పలుకులు, ఒకదాని ప్రక్క నొకటి పేర్చిన రాతిగోడవంటిది.

1864 లో బాత్ నగరమున జరిగిన బ్రిటిషు అసోసియేషను సభలో ఆయన దీనిని వివరించి, ఛాయాచిత్రములను చూపెను. ఎవరును వినలేదు. ఈ మాఱు నవ్వుగూడ రాలేదు. నవ్వుటకైన కొంత శ్రద్ధ కావలెను గదా.

నాడు ఇనుముతో దేశమంతయు పట్టాలు, వంతెనలు, ఇరుసులు నిండుచుండెను. ఇరుసు విఱిగి బండ్లు బోల్తాపడి మనుష్యులు చచ్చుటయు అరుదు కాదు. విఱిగిన ముఖమున మెఱయు పలుకులను చూచి, మంచి ఇనుము నారవలె నుండుననియు, బండి కుదుపులచేత అది పలుకులుగా మాఱి విఱుగుననియు పలువురు నమ్మిరి. వారికి తెలియనిది, ఇనుము పుట్టుకతోనే పలుకులుగా నున్నదని. విఱుగుట యెట్లు జరిగెనో దానినిబట్టి ముఖము వేఱుగా కనబడును. అది లోహపు నిజరూపమునకు నమ్మదగిన సాక్షి కాదు. ఆ రోజులలో రైలు ప్రమాదము జరిగినప్పుడు విఱిగిన పట్టాను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూడుడని సలహా చెప్పియుండినచో తన్ను పిచ్చివానిగా నెంచియుండెదరని సార్బీయే ముసలితనమున తలచుకొనెను. వినువారు లేనందున ఆయన ఇనుపముక్కలను పెట్టెలో పెట్టెను. ఇరువది సంవత్సరములు అవి అట్లే యుండెను.

ఆ నడిమికాలమున ఆయన ఊరకుండలేదు. సూక్ష్మదర్శినికి వర్ణపట యంత్రమును జోడించి, ఆకుల రంగులను, రక్తపు మరకలను పరీక్షించు మార్గమును చూపెను. ఇందులోనే ఒక పెద్ద పొరపాటు చేసెను. జర్కాను అను రత్నజాతి రాళ్ల వర్ణపటములో వింతగీతలు కనబడగా, క్రొత్త మూలపదార్థము దొరకెనని 1869 లో ప్రకటించి, దానికి పేరుగూడ పెట్టెను. కొలది నెలలలోనే ఆ గీతలు స్వల్పముగా కలిసియున్న యురేనియమువలన వచ్చినవని తానే కనిపెట్టి, తానే ఆ వార్తను రద్దుచేసెను. క్రొత్త మూలపదార్థమును కనుగొన్న కీర్తి చిన్నది కాదు. దానిని చేతులార వదలుకొనుటకు ఎంత మనస్సు కావలెనో పెద్దలు గ్రహింపగలరు. ఆయన జీవితములో నాకు మిక్కిలి నచ్చిన ఘట్ట మిదియే. 1874 లో తల్లి మరణించెను. తరువాత గ్లింప్స్ అను చిన్న పడవను కొని, వేసవులలో దానిమీదనే నివసించుచు, తూర్పుతీరపు నదీముఖములను, సముద్రజీవులను పరీక్షించుచుండెను.

ఇంతలో జర్మనీలో మార్టెన్సు, ఫ్రాన్సులో ఆస్మాండు అనువారు లోహములను సూక్ష్మదర్శినిలో చూడనారంభించిరి. ఉక్కు వ్యాపారము పెరిగెను. ఒకే పాళ్లతో చేసిన రెండు పట్టాలలో ఒకటి నిలువగా మఱియొకటి ఏల విఱిగెనను ప్రశ్న తప్పించుకొనరానిదయ్యెను. అప్పుడు అఱువదియేండ్ల సార్బీని పిలిచిరి. ఆయన పాత పెట్టెను తెఱచి, 1885 మొదలు 1887 వఱకు ఇనుము ఉక్కు సంస్థవారి యెదుట తన పరిశోధనల నుంచెను. ఇరువదియేండ్ల క్రింద మెఱుగుపెట్టిన ముక్కలు అప్పటికిని చూపదగియే యుండెను. ఆఱువందల యేబది రెట్లు పెద్దచేసి చూడగా, ఉక్కులో ముత్యపుచిప్పవలె రంగులు చిమ్ము భాగము నిజముగా రెండు పదార్థముల పలుచని రేకులు ఒకటివిడిచి ఒకటి పేర్చిన కట్టయని తెలిసెను.

మన ప్రశ్నకు ముఖ్యమైనది వేఱొకటి. చల్లగా నుండగా సుత్తెతో కొట్టిన ఇనుమునందు స్ఫటికరూపము నశించుననియు, వేడిచేసిన తిరిగివచ్చుననియు కొందఱు తలచుచుండిరి. సార్బీ కొట్టక మునుపు, కొట్టిన పిదప, కాచిన పిదప మూడు స్థితులలోను చూచెను. కొట్టిన ఇనుమున పలుకులు నశింపలేదు. అణగి, సాగి, ఒకే దిక్కున పొడవుగా నుండెను. పలకరాతిలో చూచిన దృశ్యమే! కాని ఇనుమునందు రాతిలో లేని చిత్ర మొకటి జరిగెను. దానిని ఎఱ్ఱగా కాచగానే ఆ సాగిన పలుకులు పోయి, వాని స్థానమున అన్నివైపుల సమానమైన క్రొత్త పలుకులు పుట్టెను. లోహము కరగలేదు, గట్టిగా నుండియే తన లోపలి గోడలను పడగొట్టి మరల కట్టుకొనెను. నలిగిన పలుకు స్థిరముగా నుండజాలదనియు, వేడి అవకాశ మిచ్చినప్పుడు స్థిరమైన రూపమునకు మరలుననియు ఆయన గ్రహించెను. ఒత్తిడి సాగదీయును, వేడి పునర్నిర్మించును. ఈ రెండింటిలో ఏది యెంత పనిచేసెనో దానినిబట్టి లోహపు గుణ మేర్పడును.

ఇప్పుడు అల్యూమినియపు కమ్మి యొద్దకు మరలుదము. సార్బీ పుట్టుటకు ముందటి సంవత్సరము, 1825 లో, అల్యూమినియము మొదటిసారి వేఱుచేయబడెను. ఆయన యౌవనమున అది ధనికుల వేడుకకే పరిమితమైన అపురూప వస్తువు. 1886 లో అమెరికాలో హాలును, ఫ్రాన్సులో ఎరూను, ఒకరినొకరు ఎఱుగకయే, విద్యుత్తుతో దానిని చౌకగా తీయు మార్గమును కనుగొనిరి. అచ్చుగుండ నొత్తు పద్ధతికి చరిత్ర ఇంకను పాతది. 1797 లో బ్రామా అను ఇంగ్లీషువాడు సీసపు గొట్టములు చేయుటకు దానికి హక్కు పొందెను. 1894 లో అలెగ్జాండరు డిక్ వేడి ఇత్తడిని అట్లు నొత్తు యంత్రమును చేసెను. సార్బీ ఈ యంత్రముల పని చేసినవాడు కాడు. అయినను ఆ తరువాతి తరమువారు ఒత్తిన తేలికలోహములను కోసి, మెఱుగుపెట్టి, ఆమ్లములో ముంచి చూచినప్పుడు కనబడిన ప్రతి సంగతియు ఆయన చెప్పిన ఆ రెండు పనుల పోరాటమే.

చిన్న లెక్క వేయుదము. పోతపోసిన దిమ్మెలో పలుకులు ఇంచుమించు గుండ్రముగా నుండును. దిమ్మె అడ్డుకొలత వైశాల్యములో ఇరువదియైదవవంతు గల కమ్మిగా దానిని ఒత్తినచో, కమ్మి పొడవు ఇరువదియైదు రెట్లగును. లోపలి పలుకును అట్లే ఇరువదియైదు రెట్లు పొడవు సాగి, మందమున అయిదవవంతు అగును. కమ్మి నడిమిభాగమును పొడవున కోసి చూచిన, పీచుకట్టవలె పలుకులు వరుసలు తీరియుండును. అంత వేడిలో అవి వెంటనే క్రొత్త పలుకులుగా ఏల మాఱవు? అల్యూమినియమునకు ఒక సుళువు గలదు. నలిగిన పలుకు తన లోపలనే చిన్నచిన్న గదులుగా విభాగించుకొని బాధను చాలవఱకు తీర్చుకొనును. ఇల్లు పడగొట్టకుండ గోడలు మాత్రము సర్దుకొన్నట్లు. అందుచేత పీచురూపము నిలుచును, కమ్మి పొడవున మంచి బలము కలుగును.

కమ్మి చర్మము మాట వేఱు. అచ్చుగోడను ఒరసికొని వచ్చుటచేత అక్కడి లోహము నడిమిదానికంటె మిక్కిలి నలుగును. ఆ రాపిడివలన వేడియు హెచ్చును. అంత బాధను ఆ సర్దుబాటు తీర్చజాలదు. అచ్చు దాటగానే సార్బీ ఇనుములో చూచినట్లే క్రొత్త పలుకులు పుట్టును. చల్లార్చుటలో ఆలస్యమైనచో ఒకదానినొకటి మ్రింగి పెద్దవగును. ఈ విధముగా ఒకే కమ్మిలో లోపల సన్నపు పీచు, పైన ముతుక పలుకుల తొడుగు ఏర్పడవచ్చును. అట్టి కమ్మిని వంచిన దాని పైముఖము నారింజతొక్కవలె గఱుకుదేలును. మాటిమాటికి బరువు మోయవలసినచోట పగులు ఆ తొడుగులో మొదలగు భయము గలదు. దీనిని తప్పించుటకు మాంగనీసు, క్రోమియము, జర్కోనియమువంటి లోహములను కొంచెముగా కలుపుదురు. అవి అతిసూక్ష్మమైన కణములై పలుకుల అంచులకు మేకులు దిగగొట్టినట్లు అడ్డుపడి క్రొత్త పలుకులను పెరుగనీయవు. వేడి యెంత, వేగ మెంత, చల్లార్చు టెట్లు అను మూడింటిని పనివాడు కనిపెట్టుకొని యుండవలెను.

మగ్నీషియము అల్యూమినియముకంటెను తేలిక. దాని స్ఫటికము ఆఱుమూలల పలకలను ఒకదానిమీద నొకటి పేర్చినట్లుండును. దానిని ఒత్తునప్పుడు, ఒత్తుచుండగనే సన్నని క్రొత్త పలుకులు పుట్టును, ఇది మేలే. అయితే ఆ పలుకులలోని పలకలు చాలవఱకు కమ్మి పొడవునకు సమముగా తిరిగి పండుకొనును. ఫలితమేమనగా, ఆ కమ్మి పొడవున లాగిన బాగుగా నిలుచును, అదే దిక్కున నొక్కిన అంతకంటె సులభముగా లొంగును. 1853 లో తెల్లమట్టిలో ఇనుపకావి రేకులు తిరిగిన సంగతి ఇక్కడ చదువరులకు జ్ఞప్తికి రాక మానదు.

సార్బీ ఈ ఫలములను చూచుటకు జీవించియుండలేదు. ఆయన తుదినాళ్ల శ్రమ తన యూరిలోని విద్యకొఱకే జరిగెను. తాను విశ్వవిద్యాలయమున చదువకపోయినను, 1879 లో స్థాపింపబడిన ఫర్తు కళాశాలకు 1882 మొదలు 1897 వఱకు అధ్యక్షుడుగా నుండెను. ఆ కళాశాల తక్కిన విద్యాలయములతో కూడి 1905 లో షెఫీల్డు విశ్వవిద్యాలయ మయ్యెను. పనివారి పిల్లలకు ఊరిలోనే పై చదువు దొరకెను. తన ఆస్తినుండి అక్కడ భూగర్భశాస్త్రపు ఆచార్యపదవికిని, పరిశోధక విద్యార్థి వేతనమునకును ధనము వ్రాసియిచ్చెను.

చివరి సంవత్సరములలో ఆరోగ్యము చెడి, ఇల్లు కదలజాలక, మంచముచెంతనే పనిచేయుచుండెను. యౌవనమున వుడ్‌బర్న్‌లో ఇంటిదగ్గఱి వాగులో ఇసుక ఎంత వేగపు నీటిలో కదలునో, ఎట్లు అలలుగా పేరుకొనునో ఆయన కొలిచి వ్రాసికొనియుండెను. ఆ పాత లెక్కలను తీసి, రాళ్లు పుట్టిన విధమును అంకెలతో నిర్ణయించు దీర్ఘవ్యాసమును పూర్తిచేసి భూగర్భశాస్త్ర సంఘమునకు పంపెను. 1908 వ సంవత్సరము మార్చి 9 వ తేదీన, ఎనుబదియొక్కటవ యేట, ఆయన మరణించెను. వాగులో ఇసుకను కొలిచిన ఆ వ్యాసము ఆ సంవత్సరముననే అచ్చయి వెలువడెను.